యుద్ధనౌకలో నాయకత్వం, ఆజ్ఞాధికారం: తరచుగా అడిగే ప్రశ్నలు

వాచ్ అధికారి (వాచ్ అనే, సాధారణంగా నాలుగు గంటల వంతులో ఓడ నడకను చూసుకునే అధికారి) పరీక్షకు చదువుతున్నవాళ్లు, సముద్రంలో జరిగిన ప్రమాదాల నివేదికలు చదివి "ఇంతమంది ఉండి ఇదెలా జరిగింది?" అని అడిగేవాళ్లు తరచుగా వేసే ప్రశ్నలు ఇవి. పదవుల పేర్లు ఒక్కో నౌకాదళంలో ఒక్కోలా ఉంటాయి, పని మాత్రం దాదాపు ఒకటే.

"కెప్టెన్" అంటే హోదానా, పదవా?

రెండూ. చిక్కంతా అక్కడే వస్తుంది. ఓడను నడిపించే కమాండింగ్ ఆఫీసర్‌ని ఆయన హోదా ఏదైనా ఓడలో అందరూ కెప్టెన్ అనే అంటారు. ఫ్రిగేట్‌కి చాలాసార్లు కమాండర్ హోదా అధికారి, చిన్న గస్తీ నౌకకు లెఫ్టినెంట్ కమాండర్ అధిపతిగా ఉంటారు. అదే ఓడలో హోదా రీత్యా కెప్టెన్ అయిన వైద్యుడు ప్రయాణిస్తున్నా, ఓడ మీద ఆయన మాట చెల్లదు.

ఈ పదవికి అంతర్జాతీయ చట్టంలోనూ చోటుంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 29వ అధికరణం యుద్ధనౌకకు నాలుగు లక్షణాలు చెబుతుంది. అది ఒక దేశపు సాయుధ బలగాలకు చెందాలి. ఆ దేశపు గుర్తులు బయటికి కనిపించాలి. ప్రభుత్వం నియమించిన, సర్వీసు జాబితాలో పేరున్న అధికారి ఆజ్ఞలో నడవాలి. సిబ్బంది సైనిక క్రమశిక్షణకు లోబడి ఉండాలి. అధిపతి లేని ఓడ ఎన్ని ఫిరంగులు మోసినా చట్టం దృష్టిలో యుద్ధనౌక కాదు. మనుషులే లేని నౌకలు వస్తున్న ఈ రోజుల్లో న్యాయనిపుణులు కొట్టుకుంటున్నది ఈ మూడో, నాలుగో లక్షణాల దగ్గరే.

కెప్టెన్ నిద్రపోతుండగా ఇంకెవరో చేసిన తప్పుకి ఆయన్నెందుకు తప్పిస్తారు?

అధికారాన్ని పంచవచ్చు, బాధ్యతను పంచలేం. అమెరికా నౌకాదళ నిబంధనలు కమాండింగ్ ఆఫీసర్ బాధ్యత సంపూర్ణమని సూటిగానే రాసుకున్నాయి. మిగతా దళాల్లో మాటలు వేరు, సారం ఇదే.

పైకి అన్యాయంగా కనిపిస్తుంది. కానీ ఆ రాత్రి వాచ్‌లో ఎవరుండాలో ఆమోదించింది కెప్టెన్. ఆ అధికారి అర్హుడని సంతకం పెట్టింది కెప్టెన్. ఎప్పుడు లేపాలో రాసింది, లేపినప్పుడు విసుక్కున్నది లేదా విసుక్కోనిది కూడా ఆయనే. విచారణలో ముందు తేలేవి ఇవే. వాచ్ అధికారి తప్పు అంతటితో మాసిపోదు, ఆయన లెక్క వేరుగా తేలుస్తారు.

ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ పనేమిటి?

ఓడ రోజువారీ సంసారమంతా ఆయనదే: దినచర్య, శుభ్రత, క్రమశిక్షణ, శిక్షణ, డ్రిల్లులు. కెప్టెన్ పడిపోతే ఓడను అందుకోవలసిందీ ఆయనే, కాబట్టి కెప్టెన్‌కి తెలిసిందంతా ఆయనకీ తెలియాలి. చెప్పేవాళ్లు తక్కువ గానీ ఇంకో పని ఉంది: తలుపు మూసుకుని కెప్టెన్‌తో "ఇది తప్పు సార్" అనగలగడం. తలుపు తెరిచాక ఇద్దరిదీ ఒకే మాట. ఆ మొదటి సగం చేయని ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ ఉన్నా లేనట్టే.

బ్రిడ్జి మీద వాచ్ అధికారి స్వయంగా ఎంతవరకు నిర్ణయించవచ్చు?

బ్రిడ్జి అంటే ఓడను నడిపించే పై గది. తన వాచ్ నాలుగు గంటలూ ఓడ సురక్షిత గమనానికి కెప్టెన్ ప్రతినిధి వాచ్ అధికారే. గీసిన మార్గంలో నడపడం, 1972 నాటి ఢీకొనడాల నివారణ నియమాల ప్రకారం తప్పుకోవడం, వేగం మార్చడం ఆయన చేతిలోనివే. మార్గాన్నే మార్చడం, కెప్టెన్ పెట్టిన కనీస దూరం కన్నా దగ్గరగా ఇంకో ఓడను దాటడం ఆయన చేతిలో లేవు.

అత్యవసరంలో మాత్రం అనుమతి కోసం ఆగకూడదు. మనిషి నీళ్లలో పడితే ఏ పక్క పడ్డాడో ఆ పక్కకు వెంటనే చుక్కాని పూర్తిగా తిప్పాలి. ప్రొపెల్లర్ ఉన్న వెనక భాగం అతనికి దూరంగా జరుగుతుంది. లైఫ్‌బాయ్ విసరాలి, స్థానం గుర్తించాలి, ఒకరు వేలు చూపిస్తూ అతని మీంచి చూపు తిప్పకూడదు. పట్టపగలు, మనిషి కనిపిస్తుంటే అదే వైపు తిరుగుతూ దిశ 250 డిగ్రీలు మారాక చుక్కాని మధ్యకు తెస్తారు. రాత్రి, లేదా ఎప్పుడు పడ్డాడో తెలియనప్పుడు విలియమ్సన్ మలుపు వాడతారు: 60 డిగ్రీలు తిరిగాక చుక్కానిని రెండో వైపుకి పూర్తిగా మార్చి, వచ్చిన దారికి సరిగ్గా ఎదురు దిశ ఇంకో 20 డిగ్రీలు ఉందనగా మధ్యకు తేవాలి. ఓడ తను వచ్చిన గీత మీదకే తిరిగొస్తుంది. కెప్టెన్ బ్రిడ్జికి చేరేసరికి మలుపు సగం అయిపోయి ఉండాలి.

కెప్టెన్‌ని ఎప్పుడు లేపాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ప్రతి కెప్టెన్ రెండు పత్రాలు ఇస్తారు. మొదటిది స్టాండింగ్ ఆర్డర్లు, ఆయన ఉన్నన్నాళ్లూ అమల్లో ఉండేవి. రెండోది రాత్రి ఆజ్ఞల పుస్తకం, ఆ ఒక్క రాత్రికి సంబంధించినది. వాచ్‌కి వచ్చే ప్రతి అధికారీ రెండూ చదివి సంతకం పెట్టాలి. ఏ ఓడ ఎంత దగ్గరికి వస్తే, చూపు ఎంత తగ్గితే, లోతు ఎంతకు పడిపోతే, ఏ యంత్రం ఆగితే పిలవాలో వాటిలో అంకెలతో ఉంటుంది. "అవసరమైతే పిలవండి" అని రాసిన ఆజ్ఞ ఆజ్ఞ కాదు. అవసరమో కాదో తేల్చుకోలేకే కదా కుర్రవాడు తటపటాయిస్తున్నది.

అంకెలు ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 20 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు) వేగంతో ఓడ నిమిషానికి దాదాపు 617 మీటర్లు పోతుంది. ఎదురుగా అదే వేగంతో ఇంకో ఓడ వస్తుంటే వాటి మధ్య దూరం నిమిషానికి 1,200 మీటర్లకు పైగా తరుగుతుంది. 10 నాటికల్ మైళ్ల దగ్గర రాడార్‌లో చుక్క కనిపిస్తే చేతిలో ఉన్నది 15 నిమిషాలు. మూడు నిమిషాలు గమనించి, రెండు నిమిషాలు సందేహించి, ఇంకో అయిదు నిమిషాలు "ఆయన ఇప్పుడే పడుకున్నారు" అనుకుంటే మిగిలేది అయిదు. అందులో కెప్టెన్ నిద్ర లేచి, మెట్లెక్కి, చీకటికి కళ్లు అలవాటు చేసుకోవాలి. పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

2017 జూన్ 17 తెల్లవారుజామున జపాన్ తీరం దగ్గర అమెరికా డిస్ట్రాయర్ ఫిట్జ్‌జెరాల్డ్‌ని సరకు నౌక ఏసీఎక్స్ క్రిస్టల్ ఢీకొంది. ఏడుగురు నావికులు చనిపోయారు. కెప్టెన్ తన గదిలో ఉన్నారు. పిలవాలని ఆజ్ఞలున్నా పిలవలేదు, అవతలి ఓడను రేడియోలో పలకరించలేదు, ప్రమాద సూచనగా అయిదు పొట్టి కూతలు వేయలేదు. ఢీకొన్న దెబ్బకి నలిగినవాటిలో కెప్టెన్ గది కూడా ఉంది.

పిలిచేటప్పుడు ఏం చెప్పాలన్నదీ ముఖ్యమే. "సార్, ఒక ఓడ కనిపిస్తోంది" అంటే నిద్రమత్తులో ఉన్న మనిషి "సరే" అని అటు తిరిగి పడుకుంటాడు. చెప్పవలసిన వరుస ఇది: ఏ దిక్కున, ఎంత దూరంలో, బేరింగ్ (అవతలి ఓడ కనిపించే దిక్కు కోణం) మారుతోందా లేదా, అతి దగ్గరికి ఎంత దూరంలో ఎన్ని నిమిషాల్లో వస్తుంది, నియమాల ప్రకారం తప్పుకోవలసింది ఎవరు, నేను ఏం చేయబోతున్నాను. బేరింగ్ మారకుండా దూరం మాత్రం తగ్గుతుంటే ఢీకొనే దారిలో ఉన్నట్టే. సందేహం ఉన్నా ప్రమాదం ఉన్నట్టే లెక్క వేయమని ఏడో నియమం చెబుతుంది.

కెప్టెన్ వైపు నుంచి ఒకటే సలహా. అర్ధరాత్రి అనవసరంగా లేపిన కుర్ర అధికారికి "మంచి పని చేశావు" అని చెప్పండి. ఒక్కసారి కసురుకుంటే ఆ కబురు తెల్లారేలోగా ఓడంతా తిరుగుతుంది, మర్నాటి నుంచి ఎవరూ లేపరు.

కెప్టెన్ బ్రిడ్జి మీదికి వస్తే ఓడ ఆయన చేతిలోకి వచ్చినట్టేనా?

కాదు. "ఓడ నా చేతిలో" అని పైకి చెప్పి, అది లాగ్‌లో (ఓడ నమోదు పుస్తకంలో) ఎక్కేదాకా వాచ్ అధికారిదే. అయితే చాలా దళాల్లో, కెప్టెన్ నేరుగా చుక్కాని ఆజ్ఞ ఇస్తే ఆ క్షణం నుంచి గమనం ఆయనదైనట్టు లెక్క. మాట అనకుండా సగం సగం జోక్యం చేసుకునే కెప్టెన్‌తోనే ముప్పు. వాచ్ అధికారి "ఆయన చూసుకుంటున్నారు" అనుకుంటాడు, కెప్టెన్ "వాడు చూసుకుంటున్నాడు" అనుకుంటారు. అనుమానం వస్తే అడగడమే మందు: "సార్, ఓడ మీ చేతిలో ఉందా, నా చేతిలో ఉందా?"

ప్రతి ఆజ్ఞనూ తిరిగి చెప్పడం చాదస్తం కాదా?

"కుడి 15" అని అధికారి అంటారు. చుక్కాని పట్టినవాడు "కుడి 15" అని తిరిగి చెప్పి తిప్పుతాడు, చుక్కాని అక్కడికి చేరాక "15 కుడికి ఉంది సార్" అంటాడు. అధికారి సూచిక చూసి "సరే" అనాలి. నాలుగు మెట్లు, ఏడెనిమిది సెకన్లు. రెండో మెట్టులో వినికిడి తప్పు దొరుకుతుంది, మూడోదానిలో చేతి తప్పు, నాలుగోదానిలో యంత్రం తప్పు. అధికారి తనే నోరుజారి కుడికి బదులు ఎడమ అన్నప్పుడు తన తప్పు తన చెవిన పడేదీ రెండో మెట్టులోనే. చివరి మెట్టు, అంటే సూచిక చూడడం, అలవాటుగా ఎగిరిపోతుంటుంది.

చుక్కాని హఠాత్తుగా మాట వినకపోతే?

వెంటనే కెప్టెన్‌కి చెప్పి, వేగం తగ్గించి, వరసగా ఇవి చేయాలి: రెండో పంపుకి మార్చడం, రెండో నియంత్రణ మార్గానికి మార్చడం, అప్పటికీ లొంగకపోతే వెనక చుక్కాని యంత్రాల గదిలో ఉన్నవాళ్లకి అప్పగించడం. వాళ్లు టెలిఫోన్‌లో ఆజ్ఞలు వింటూ అక్కడి నుంచే తిప్పుతారు. ఓడ అదుపులో లేదని మిగతావాళ్లకి తెలియడానికి పగలు ఒకదాని కింద ఒకటి రెండు నల్లని బంతులు, రాత్రి రెండు ఎర్ర దీపాలు ఎత్తుతారు. రెండు ప్రొపెల్లర్లున్న ఓడను ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి కొంతవరకు మళ్లించవచ్చు.

2017 ఆగస్టు 21న సింగపూర్ జలసంధి దగ్గర అమెరికా డిస్ట్రాయర్ జాన్ ఎస్. మెకెయిన్‌లో జరిగింది ఇంకోటి. చుక్కాని చెడిపోలేదు. దాన్ని పట్టినవాడు తడబడుతున్నాడని, వేగ నియంత్రణను పక్క కన్సోల్‌కి మార్చమని కెప్టెన్ ఆదేశించారు. మార్చడంలో చుక్కాని కూడా అక్కడికి వెళ్లిపోయింది. మొదటివాడు చుక్కాని పోయిందన్నాడు. వేగం తగ్గించమంటే, రెండు షాఫ్ట్‌ల (ప్రొపెల్లర్లను తిప్పే ఇరుసుల) నియంత్రణ జతపడి లేనందువల్ల ఎడమది మాత్రమే తగ్గింది, ఓడ ఎడమకు తిరిగి ట్యాంకర్ అల్నిక్ ఎంసీ ముందుకు వచ్చింది. పదిమంది పోయారు. అంతకుముందే నావిగేటర్, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, ఆపరేషన్స్ ఆఫీసర్ ఇరుకు దారికి కావలసిన అదనపు సిబ్బందిని ముందుగా నిలబెట్టమన్నారు, కెప్టెన్ వినలేదు. ఆ తర్వాత అమెరికా నౌకాదళం టచ్‌స్క్రీన్ వేగ నియంత్రణల బదులు చేత్తో తోసే లివర్లు పెట్టాలని నిర్ణయించింది. రద్దీ దారిలో కన్సోల్ మార్పిళ్లు పెట్టుకోకూడదు. తప్పకపోతే ముందు వేగం తగ్గించాలి.

వాచ్ అప్పగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

కొత్త అధికారి కనీసం 15 నిమిషాలు ముందే వచ్చి, ముందు ఆపరేషన్స్ రూమ్‌లో (రాడార్ వంటి సమాచారమంతా చేరే గదిలో) పరిస్థితి చూసి, బ్రిడ్జికి ఎక్కి చీకట్లో నిలబడాలి. ఓడ మలుపులో ఉండగా, ఇంకో ఓడను తప్పించుకుంటుండగా అప్పగింత వద్దు. వచ్చినవాడు మత్తుగా, జబ్బుగా ఉంటే ఉన్నవాడు ఇవ్వనని అనవచ్చు. పరిస్థితి అర్థంకాకపోతే వచ్చినవాడు తీసుకోనని అనవచ్చు. రెండూ హక్కులే.

తీసుకునేవాడు విన్నదాన్ని తన కళ్లతో సరిచూసుకోవాలి. పాతవాడి పొరపాటు కూడా అప్పగింతలో భాగంగానే వస్తుంది మరి. 2018 నవంబరు 8న నార్వే ఫ్రిగేట్ హెల్గె ఇంగ్‌స్టాడ్ వాచ్ మారిన కాసేపటికే ట్యాంకర్ సోలా టీఎస్‌ని ఢీకొంది. దాని డెక్ దీపాలను బ్రిడ్జి మీదివాళ్లు ఒడ్డున ఉన్న, కదలని వస్తువుగా అనుకున్నారు. 137 మందీ బతికారు, ఓడ మాత్రం మునిగింది. కదలనిదని అనుకున్న దాని బేరింగ్ రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు తీసి, చార్టులో దాని చోటు చూసుకోవడం చిన్న పనే.

యుద్ధంలో కెప్టెన్ ఎక్కడ ఉంటారు?

ఎక్కువగా ఆపరేషన్స్ రూమ్‌లో. రాడార్, సోనార్, ఎలక్ట్రానిక్ నిఘా, డేటా లింక్ అన్నీ అక్కడికే చేరతాయి. బ్రిడ్జి మీద అనుభవమున్న అధికారి ఓడను ఢీకొనకుండా, నేల తగలకుండా చూస్తారు. ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌ని సాధారణంగా ఇంకోచోట ఉంచుతారు, ఒకే దెబ్బకి ఇద్దరూ పోకూడదు కదా.

బ్రిడ్జికీ ఈ గదికీ మధ్య మాట తెగితే శాంతికాలంలోనూ ముప్పే. ఫిట్జ్‌జెరాల్డ్‌లో జరిగినదానిలో అదీ ఒక భాగం.

క్షిపణి వస్తే కాల్చమనేది కెప్టెన్ ఒక్కరేనా?

మళ్లీ లెక్క చూడండి. నీటికి 3 మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణి, 20 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కి దాదాపు 25 కిలోమీటర్ల దగ్గర మాత్రమే కనిపిస్తుంది. సెకనుకు 300 మీటర్ల వేగమైతే 85 సెకన్లు. శబ్దానికి రెండున్నర రెట్ల వేగమైతే అర నిమిషం. అంత వ్యవధిలో కెప్టెన్‌ని వెతకడం కుదరదు.

అందుకని అధికారాన్ని ముందే ఇస్తారు. శిక్షణ పొందిన యుద్ధ నిర్వహణ అధికారి వాచ్‌లో ఉంటారు, ఏ పరిస్థితిలో ఏ ఆయుధం వాడవచ్చో కెప్టెన్ రాసి ఉంచుతారు. కింది అధికారి ఏం చేయబోతున్నాడో చెబుతూ చేసుకుపోతాడు, నచ్చకపోతే కెప్టెన్ "వద్దు" అంటారు. కాదనేదాకా అవునన్నట్టే. కెప్టెన్ మౌనం ఇక్కడ ఆజ్ఞ అవుతుంది, కాబట్టి ఆయన వింటూ ఉండాలి.

ఇచ్చిన అధికారం వాడకపోతే ఒక నష్టం. 1987లో అమెరికా ఫ్రిగేట్ స్టార్క్ మీద రెండు ఎక్సోసెట్ క్షిపణులు పడి 37 మంది చనిపోయారు. తొందరపడితే ఇంకో నష్టం. 1988 జులై 3న అమెరికా క్రూయిజర్ విన్సెన్స్ ఇరాన్ పౌర విమానాన్ని కూల్చింది, 290 మంది పోయారు. విమానం పైకి ఎక్కుతున్నట్టు ఓడలోని వ్యవస్థ నమోదు చేసింది, గదిలో మాత్రం దిగుతోందని చెప్పారు. దాడి తప్పదని నమ్మిన గది ప్రతి అంకెనూ ఆ నమ్మకానికి తగ్గట్టే చదువుతుంది. అందుకే మంచి కెప్టెన్లు డ్రిల్లులోనే ఒకరికి ఎదురువాదం పని అప్పగిస్తారు: "ఇది శత్రువు కాదనడానికి ఆధారమేముంది?"

మంట లేస్తే కెప్టెన్ అక్కడికి పరుగెత్తాలా?

వద్దు. మంట దగ్గర ఆజ్ఞ అక్కడి బృంద నాయకుడిది, మొత్తం నష్టనివారణ దాని కేంద్రంలో ఉన్న అధికారిది. కెప్టెన్ చేయవలసినవి వేరు: పొగ ఏ వైపు పోవాలో చూసి ఓడను గాలికి తగ్గట్టు తిప్పడం, ఆయుధశాలలో నీరు నింపాలా అని నిర్ణయించడం, ఓడ పోరాడుతూ ఉండాలా తప్పుకోవాలా అని తేల్చడం.

మంట చూసినవాడు ముందు గట్టిగా అరిచి, డెక్, ఫ్రేమ్ నంబర్లతో సహా చోటు చెప్పి, అందిన సిలిండర్‌తో కొడతాడు. గాలి గొట్టాలు మూయాలి, కరెంటు తీయాలి, ఆరు వైపులా గోడలు చల్లబరచాలి. పైనున్న డెక్ ఆరో వైపని కొత్తవాళ్లు మరిచిపోతుంటారు, మంట పాకేది అటే.

పోసిన నీటి లెక్క ఇంకా ఎక్కువ మరిచిపోతారు. నిమిషానికి 350 లీటర్లు చిమ్మే ఒక్క గొట్టం గంటలో 21 టన్నులు పోస్తుంది. ఆ నీరు పై డెక్కుల్లో అటూ ఇటూ పారితే ఓడ నిలకడ పోతుంది. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో యుద్ధం కోసం మారుస్తున్న నార్మండీ ఓడ మంట ఆర్పిన నీటి బరువుతోనే ఒరిగిపోయింది. పంపులు, గొట్టాలు రెండూ ఒకే అధికారి కంటి ముందుండాలి.

2020 జులైలో శాన్‌డియాగోలో మరమ్మతులో ఉన్న అమెరికా యుద్ధనౌక బొనామ్ రిచర్డ్ నాలుగు రోజులకు పైగా కాలి, తుక్కుకి పోయింది. ఓడలోని ఫైర్ స్టేషన్లలో 87 శాతం వాడకంలో లేవు. నురుగు వ్యవస్థ బటన్ నొక్కవలసిన సమయంలో నొక్కినవాళ్లు లేరు. రేవులో కట్టేసిన ఓడకి ప్రమాదం లేదనుకోవడం నాయకత్వ లోపమే.

అడ్మిరల్ ఎక్కితే, రేవు పైలట్ ఎక్కితే ఓడ ఎవరిది?

కెప్టెన్‌దే. అడ్మిరల్ దళానికి ఆజ్ఞలిస్తారు, ఓడకి కాదు. పైలట్ రేవు దారులు తెలిసిన సలహాదారు. పైలట్ చెప్పినట్టు తిప్పి నేలకి తగిలినా జవాబు కెప్టెనే చెప్పాలి. పనామా కాలువ ఒక మినహాయింపు, అక్కడ గమనం పైలట్‌ది. డ్రై డాక్ (నీరు తోడేసి ఓడను బాగుచేసే చోటు) ఇంకోటి, ఓడ గడప దాటాక దాన్ని డాక్‌లో కూర్చోబెట్టే బాధ్యత డాకింగ్ అధికారిది.

సీనియర్ నావికులు నాయకత్వంలో భాగమేనా?

వాళ్లు లేకపోతే మిగతాదంతా కాగితం. అధికారులు రెండేళ్లకోసారి మారిపోతారు, ఇరవై ఏళ్ల అనుభవమున్న చీఫ్ ఏ పంపు ఏ చప్పుడు చేస్తుందో చెప్పగలడు. కొత్త లెఫ్టినెంట్ ఆజ్ఞ ఇచ్చే ముందు "చీఫ్, మీరైతే ఏం చేస్తారు?" అని అడగడం బలహీనత కాదు. అడిగాక నిర్ణయం మాత్రం తనదే.

నిద్ర గురించి ఇంత గోల ఎందుకు?

అయిదు గంటలు పని, పది గంటలు విరామం అనే వాచ్ పద్ధతి పైకి ఉదారంగా కనిపిస్తుంది. కానీ అది 15 గంటల చక్రం, రోజుకి 24 గంటలు. కాబట్టి నిద్రవేళ రోజూ జరుగుతుంటుంది, ఒంటికి రాత్రేదో పగలేదో తెలియకుండా పోతుంది. పైగా ఆ పది గంటల్లోనే శుభ్రత, డ్రిల్లు, కాగితాలు. నాలుగు పని, ఎనిమిది విరామం, లేదా మూడు పని, తొమ్మిది విరామం పెడితే రోజూ అదే వేళకి పడుకోవచ్చు. మనుషులు చాలకపోతే డ్రిల్లులు తగ్గించి నిద్ర మిగిల్చాలి. కెప్టెన్ నిద్ర కూడా లెక్కలోదే: ఇరుకు దారికి ముందు తను ఎప్పుడు పడుకుంటారో, అప్పుడు ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ మెలకువగా ఉంటారో లేదో ప్రణాళికలో రాసుకోవాలి.

చట్టవిరుద్ధమైన ఆజ్ఞ వస్తే?

ప్రాణాలతో బయటపడి నీళ్లలో తేలుతున్నవాళ్ల మీద కాల్చమనడం లాంటి ఆజ్ఞను పాటించకూడదు. "పైవారు చెప్పారు" అన్నది రక్షణ కాదు. 1977 నాటి జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్ ప్రకారం, కింది వాళ్లు నేరం చేయబోతున్నారని తెలిసీ ఆపని అధిపతి కూడా బాధ్యుడే. అర్థంకాని ఆజ్ఞ, నచ్చని ఆజ్ఞ ఈ కోవలోకి రావు. అర్థంకాకపోతే అడగండి. నచ్చకపోతే చెప్పి, చేయండి, లాగ్‌లో రాయించండి.

కెప్టెన్ ఓడతోపాటు మునిగిపోవాలా?

అలాంటి నియమం ఏదీ లేదు. అందరూ దిగారని చూసుకుని, రహస్య పత్రాలు, సంకేత పరికరాలు నాశనం చేయించి, చివరగా దిగాలన్నది సంప్రదాయం. అంతకుముందే కెప్టెన్ చనిపోతే, ఓడకు ఆజ్ఞ ఇవ్వడానికి అర్హులైన అధికారుల్లో వరుసలో తర్వాతివారు అందుకుంటారు. ఆ వరుస ముందే రాసి ఉంటుంది. అందుకున్నవారు ఆ మాట బ్రిడ్జి, ఆపరేషన్స్ రూమ్, నష్టనివారణ కేంద్రం మూడింటికీ చెప్పి, మూడింటి నుంచీ తిరిగి వినాలి.